రెండు మెంబ్రేన్లు మార్చినా ఉప్పునీళ్ళే: ఒక మోటార్‌హోమ్ ఆర్‌ఓ కేస్ స్టడీ

చలికాలం వచ్చిందంటే అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ చుట్టూ మోటార్‌హోమ్‌లు (లోపలే వంటిల్లు, పడక ఉన్న బండ్లు) బారులు తీరతాయి. అక్కడి లా పోసా ప్రభుత్వ భూముల్లో ఒకే పర్మిట్ మీద సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు. బండి పక్కన కరెంటు ప్లగ్గు ఉండదు, కుళాయి ఉండదు. వెళ్ళి ట్యాంకు నింపుకుని రావాలి, వాడిన నీళ్ళు డంప్ స్టేషన్‌కి తీసుకెళ్ళి వదలాలి. ఈ కేసులోని బండి జనవరిలో అక్కడే ఆగి ఉంది. డాలస్ వైపు నుంచి వచ్చిన రిటైరైన తెలుగు దంపతులది. మంచినీళ్ళ ట్యాంకు 284 లీటర్లు, సింకు, స్నానాల నీళ్ళు చేరే గ్రే ట్యాంకు 190 లీటర్లు.

ఆర్‌ఓ పెట్టించుకున్నది తాగడానికి ఎంతో, వంటకీ అంతే. కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో కందిపప్పు ఎన్ని విజిళ్ళు వచ్చినా పలుకుగానే ఉంటుంది, టీ మీద తెట్టు కడుతుంది. వీళ్ళ ట్యాంకులోని నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 680 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ నీళ్ళలో 680 పాళ్ళు. మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా హాయిగా తాగొచ్చు, వేరే దారి లేకపోతే 2000 దాకా అనుమతి. అమెరికాలో కూడా రుచి కోసం సూచించే హద్దు 500. అంటే ఇవి ప్రమాదకరమైన నీళ్ళేమీ కావు, పప్పుకీ టీకీ పనికిరాని నీళ్ళు.

సింకు కింద ఉన్నది అమెరికాలో మామూలుగా అమ్మే నాలుగు దశల సెట్టు: మన్ను ఆపే 5 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టర్, క్లోరిన్ పీల్చే కార్బన్ బ్లాక్, ఉప్పుని ఆపే 75 జీపీడీ (రోజుకి 75 గ్యాలన్ల) మెంబ్రేన్, చివర ఇంకో చిన్న కార్బన్. పక్కన 12 లీటర్ల ఉక్కు ప్రెషర్ ట్యాంకు, దాని లోపల రబ్బరు సంచి, సంచి వెనక గాలి.

ఫిర్యాదు

ఆర్‌ఓ కుళాయి తిప్పితే గట్టిగా రెండు మూడు లీటర్లు వచ్చి, తర్వాత సన్నగా కారుతుంది. నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మీటర్ పెడితే 140 పీపీఎం; తాగడానికి ప్రమాదం లేదు, కానీ ఆర్‌ఓ నీళ్ళకి ఇది చాలా ఎక్కువ. రాత్రి పంపు స్విచ్ ఆన్‌లో ఉంచి పడుకుంటే తెల్లవార్లూ పంపు టకటకమని కొట్టుకుంటుంది, పొద్దునకి గ్రే ట్యాంకు నిండిపోయి ఉంటుంది. అందుకని పంపు స్విచ్ అవసరమైనప్పుడే వేసి, వెంటనే ఆపేయడం అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటు తర్వాత నీళ్ళు ఇంకా ఉప్పనయ్యాయి. ఒక్క సీజన్‌లో రెండు మెంబ్రేన్లు మార్చారు. మార్చిన మొదటి రెండు రోజులు కాస్త నయం, మూడో రోజుకి మళ్ళీ మొదటికే.

నీళ్ళు ఉప్పనవగానే "మెంబ్రేన్ పోయిందండి" అనడం సర్వీసు వాళ్ళందరికీ అలవాటే, ఏ దేశంలోనైనా. మార్చడం తేలిక, బిల్లు వేయడం తేలిక. కానీ కొత్త మెంబ్రేన్ వేశాక మూడు రోజుల్లో అదే లక్షణం తిరిగొచ్చిందంటే చూడాల్సింది మెంబ్రేన్‌ని కాదు, దానికి అందుతున్న ఒత్తిడిని. ఆ కొలత రెండుసార్లూ ఎవరూ తీసుకోలేదు.

ఇక్కడ మనవాళ్ళు ప్రత్యేకంగా పొరబడే చోటు ఒకటుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో వంటింటి గోడకి వేలాడే ఆర్‌ఓ డబ్బాలో 24 వోల్టుల బూస్టర్ పంపు ఉంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఒత్తిడి ఎంత తక్కువ వచ్చినా అది లాక్కుని మెంబ్రేన్ మీదకి తోస్తుంది. అమెరికన్ సింకు కింది సెట్టులో సాధారణంగా ఆ పంపు ఉండదు. మునిసిపల్ పైపులో వచ్చే 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 60 పౌండ్ల) ఒత్తిడి మీదే అది ఆధారపడుతుంది. అదే సెట్టుని తెచ్చి మోటార్‌హోమ్‌లో బిగిస్తే, దానికి దొరికేది ఇంటి పంపు, అంటే బండి కుళాయిలకి నీళ్ళు తోసే 12 వోల్టుల పంపు, ఇచ్చే ఒత్తిడి మాత్రమే.

కొలతలు

గేజి లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. కార్బన్ ఫిల్టర్ తర్వాత, మెంబ్రేన్ హౌసింగ్‌కి (మెంబ్రేన్ ఉండే గుల్లకి) ముందు పావు అంగుళం గొట్టాన్ని కోసి, మూడు దారుల T జాయింటు వేసి, 0–100 పీఎస్‌ఐ గేజి పెట్టాలి. నీళ్ళు పారుతున్నప్పుడే చదవాలి. పారకుండా ఆగి ఉన్నప్పుడు మూసుకుపోయిన ఫిల్టర్ కూడా పూర్తి ఒత్తిడే చూపిస్తుంది. మిగతా పనిముట్లు: టీడీఎస్ మీటర్, థర్మామీటర్, కొలత గీతలున్న జగ్గు, ఫోన్‌లో స్టాప్‌వాచ్.

ఇంటి పంపు 30 పీఎస్‌ఐ దగ్గర ఆన్ అవుతోంది, 45 దగ్గర ఆగుతోంది. ఆర్‌ఓ లాగేది నిమిషానికి అర లీటరు కూడా ఉండదు కాబట్టి పంపు రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది, ఒత్తిడి జారుతుంది, మళ్ళీ తిరుగుతుంది. ఆ టకటక ఇదే. మెంబ్రేన్ ముందు గేజి 25 నుంచి 39 మధ్య ఊగుతోంది, సగటు 32. పంపు దగ్గరి అంకెకీ దీనికీ ఉన్న తేడా, సుమారు 6 పీఎస్‌ఐ, సెడిమెంట్ ఫిల్టర్ మింగేసింది. విప్పితే సన్న ఇసుక, గోధుమరంగు బురద. పద్నాలుగు నెలలుగా మార్చలేదు.

పొద్దున ట్యాంకులో నీళ్ళు 11 డిగ్రీలు. ప్రెషర్ ట్యాంకు వాల్వు మూసి, మంచినీళ్ళ గొట్టాన్ని ఊడదీసి నేరుగా జగ్గులోకి వదిలితే నిమిషానికి 60 మి.లీ. మిగిలిన ఉప్పుని మోసుకుని బయటికి పోయే రిజెక్ట్ నీళ్ళ గొట్టంలో 290 మి.లీ. ప్రెషర్ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, సైకిల్ పంపు గేజితో గాలి చూస్తే 15 పీఎస్‌ఐ. ఉండాల్సింది 7. కుళాయి సన్నగా వస్తోందని మునుపటి సర్వీసులో ఎవరో గాలి కొట్టి "సరిచేశారు". అలా కొడితే మొదటి గ్లాసు దూకుడుగా వస్తుంది, కానీ ట్యాంకులో నీళ్ళకి చోటు మిగలదు.

ఎందుకిలా

75 జీపీడీ అన్న అంకె పరీక్షా పరిస్థితులకి చెందినది: 50 లేదా 60 పీఎస్‌ఐ ఒత్తిడి, 25 డిగ్రీల నీళ్ళు, 250 పీపీఎం టీడీఎస్. అక్కడ నిమిషానికి దాదాపు 197 మి.లీ. వస్తుంది. నీళ్ళు చల్లబడితే చిక్కబడతాయి. ఒక్కో డిగ్రీకి సుమారు 3 శాతం ఉత్పత్తి పడిపోతుంది. 11 డిగ్రీల దగ్గర మిగిలేది 60 శాతం పైచిలుకు. రెండో కోత ఓస్మోటిక్ ఒత్తిడిది, అంటే కరిగిన ఉప్పు నీళ్ళని తనవైపు లాక్కునే ఒత్తిడిది. నీళ్ళలో ప్రతి 100 పీపీఎం ఉప్పుకి దాదాపు 1 పీఎస్‌ఐ వెనక్కి లాగుతుంది. 680 పీపీఎంకి 7 అనుకోవచ్చు. 32 లోంచి 7 పోతే మిగిలింది 25. ఈ రెండు కోతలూ కలిపి లెక్కేస్తే నిమిషానికి 60 మి.లీ. చుట్టుపక్కలే రావాలి. వచ్చింది అంతే. అంటే ఆ ఒత్తిడికీ ఆ చలికీ మెంబ్రేన్ ఇవ్వగలిగినంతా ఇస్తోంది.

అసలు తంటా ప్రెషర్ ట్యాంకు నిండుతున్నకొద్దీ మొదలవుతుంది. ఈ సెట్టులో ఆటోమేటిక్ షటాఫ్ వాల్వు అనే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. ప్రెషర్ ట్యాంకులో ఒత్తిడి, లోపలికొచ్చే నీళ్ళ ఒత్తిడిలో మూడింట రెండు వంతులకి చేరితే అది మూసుకుని, రిజెక్ట్‌ని ఆపాలి. లోపలి ఒత్తిడి 39కి ఎక్కిన ప్రతిసారీ అది మూసుకుని ఉండాలంటే ట్యాంకు 26 పీఎస్‌ఐకి చేరాలి. కానీ మెంబ్రేన్‌ని తోసే సగటు ఒత్తిడి 32, అందులో ఓస్మోటిక్ కోత 7. ట్యాంకు 25 చేరేసరికి తోపు సున్నా. 26 ఎప్పటికీ రాదు. వాల్వు ఎప్పటికీ మూసుకుని నిలబడదు. మంచినీళ్ళ చుక్క ట్యాంకులో పడకపోయినా రిజెక్ట్ మాత్రం నిమిషానికి 290 మి.లీ. చొప్పున గ్రే ట్యాంకులోకి పోతూనే ఉంటుంది: గంటకి 17 లీటర్లు, ఎనిమిది గంటల నిద్రకి 140 లీటర్లు. రాత్రి స్నానాల నీళ్ళ మీద ఇది చేరితే 190 లీటర్ల ట్యాంకు నిండడంలో వింతేముంది?

ఉప్పదనం కూడా ఇక్కడినుంచే. మెంబ్రేన్‌లోంచి నీళ్ళు దాటడం ఒత్తిడి మీద ఆధారపడుతుంది. ఉప్పు దాటడం ప్రధానంగా రెండువైపుల గాఢతల తేడా మీద ఆధారపడుతుంది, ఒత్తిడితో దానికి పెద్ద పని లేదు. తోపు తగ్గితే నీళ్ళు తగ్గుతాయి, ఉప్పు మాత్రం అదే వేగంతో దాటుతుంది. ట్యాంకు నిండే చివరి దశలో దాటే ప్రతి చుక్కలోనూ ఉప్పు పాలు పెరిగిపోతుంది. పంపు పూర్తిగా ఆపేస్తే ఇంకా అన్యాయం: నీళ్ళు కదలవు, ఉప్పు మాత్రం నెమ్మదిగా ఇవతలికి చేరి, గాఢతలు సమానమయ్యేదాకా ఆగదు. మళ్ళీ పంపు వేయగానే ఆ ఉప్పునీళ్ళే ముందుగా ట్యాంకులో పడతాయి. నీళ్ళు పొదుపు చేద్దామని రోజుకి ఇరవైసార్లు పంపు ఆపి వేస్తే, ఆ మొదటి ఉప్పు మోతాదు ఇరవైసార్లు ట్యాంకులో కలుస్తుంది. 140 పీపీఎంకి దారి అది.

మెంబ్రేన్ నిర్దోషి అని ఎలా తేల్చాలి

తాత్కాలికంగా ఒక చిన్న బూస్టర్ పంపు కలిపి, మెంబ్రేన్ ముందు 80 పీఎస్‌ఐ నిలబెట్టి, మంచినీళ్ళ గొట్టాన్ని జగ్గులోకే వదిలి ఇరవై నిమిషాలు నడిపితే: నిమిషానికి 180 మి.లీ., టీడీఎస్ 15. అంటే దాదాపు 98 శాతం ఉప్పు ఆగుతోంది. ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఉండదు. మొదటి రెండు మెంబ్రేన్లు పారేశారు కాబట్టి వాటి సంగతి చెప్పలేం, కానీ ఈ లక్షణాలకి అవి కారణం కానక్కర్లేదు.

లక్షణాలు చదివే పద్ధతి ఇది. టీడీఎస్ పెరిగి, ప్రవాహం కూడా పెరిగితే క్లోరిన్ మెంబ్రేన్‌ని తినేసింది, మార్చక తప్పదు. టీడీఎస్ పెరిగి, ప్రవాహం తగ్గితే ఒత్తిడి తక్కువ, లేదా మెంబ్రేన్ మీద పెచ్చు కట్టింది. గేజి చూస్తే ఏదో తెలుస్తుంది. టీడీఎస్ బాగుండి ప్రవాహం మాత్రమే తగ్గితే చలి, ఫిల్టర్లు, ప్రెషర్ ట్యాంకు గాలి చూడాలి. కొత్త మెంబ్రేన్ వేసిన రోజే టీడీఎస్ ఎక్కువుంటే ఓ-రింగు (నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు చుట్ట) మడతపడింది, లేదా మెంబ్రేన్ హౌసింగ్ అడుగుదాకా దిగలేదు.

చేసిన పని

సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు మార్చారు. ప్రెషర్ ట్యాంకు ఖాళీగా ఉండగా గాలి 7 పీఎస్‌ఐకి దించారు. ఇంటి పంపు తర్వాత చిన్న అక్యుములేటర్ (ఒత్తిడిని నిలవ ఉంచే గాలి సంచి ట్యాంకు) వేశారు. దాని గాలి, పంపు ఆన్ అయ్యే ఒత్తిడి కంటే 2 తక్కువగా, 28 పీఎస్‌ఐ. టకటక దీంతోనే సద్దుమణిగింది.

ముఖ్యమైన మార్పు 12 వోల్టుల డయాఫ్రమ్ బూస్టర్ పంపు. కార్బన్ తర్వాత, మెంబ్రేన్ ముందు దాని స్థానం. దానితోపాటు రెండు స్విచ్‌లు, ఒక సొలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు) తప్పనిసరి. మన ఊళ్ళో ఆర్‌ఓ మెకానిక్కులు ఎల్‌పీఎస్, హెచ్‌పీఎస్, ఎస్‌వీ అనేవి ఇవే. బూస్టర్‌కి ముందున్న లో ప్రెషర్ స్విచ్, ఇంటి పంపు ఆపేసి ఉంటే బూస్టర్‌ని తిరగనివ్వదు. లేకపోతే పొడిగా తిరిగి డయాఫ్రమ్ పాడవుతుంది. ప్రెషర్ ట్యాంకు గొట్టం మీది హై ప్రెషర్ స్విచ్ 40 పీఎస్‌ఐ దగ్గర బూస్టర్‌ని, సొలినాయిడ్‌ని కలిపి ఆపేస్తుంది. పాత షటాఫ్ వాల్వు మీదే వదిలేస్తే, 80లో మూడింట రెండు వంతులంటే 53 పీఎస్‌ఐ దాకా ట్యాంకు ఉబ్బుతుంది. అందుకే ఆపే పని స్విచ్‌కి అప్పగించారు. బూస్టర్ కరెంటు ఒకటిన్నర ఆంపియర్. సోలార్ మీద బతికే బండికి కూడా ఇది లెక్కలోకి రాదు.

కరెంటు అక్కర్లేని పర్మియేట్ పంపు అనే పరికరం కూడా దొరుకుతుంది. రిజెక్ట్ నీళ్ళ బలంతో మంచినీళ్ళని ట్యాంకులోకి నెట్టి, ట్యాంకు ఒత్తిడి మెంబ్రేన్ మీద పడకుండా చూస్తుంది. మునిసిపల్ కనెక్షన్ మీద ఉండే బండికి అది చాలా మంచి పరికరం. ఇక్కడ మాత్రం మూలంలోనే ఒత్తిడి తక్కువ, నీళ్ళు చల్లన, టీడీఎస్ ఎక్కువ, బూస్టరే సరైనది.

మూడు వారాల తర్వాత కొలతలు: కుళాయి దగ్గర 24 పీపీఎం. ఖాళీ ప్రెషర్ ట్యాంకు నిండడానికి 55 నిమిషాలు. మునుపు ట్యాంకులో చేరింది మూడు లీటర్ల లోపే, ఇప్పుడు ఏడు దాటుతోంది. రిజెక్ట్ నిమిషానికి 420 మి.లీ. అయింది, అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ ఇప్పుడది గంట నడిచి ఆగుతుంది: ఏడు లీటర్ల మంచినీళ్ళకి 23 లీటర్లు. పంపు స్విచ్ రోజంతా ఆన్‌లోనే ఉంచమని, ఆర్‌ఓ ట్యాంకుని రోజుకి ఒకటి రెండుసార్లు దాదాపు ఖాళీ అయ్యేదాకా వాడి ఒకేసారి నిండనివ్వమని చెప్పారు.

రిజెక్ట్‌ని మళ్ళీ మంచినీళ్ళ ట్యాంకులోకి పంపితే?

ఎడారిలో ప్రతి లీటరూ మోసుకొచ్చినదే కాబట్టి ఈ ప్రశ్న అందరూ అడుగుతారు, ఈ దంపతులూ అడిగారు. ఉప్పు విషయంలో భయం అక్కర్లేదు. రోజుకి 10 లీటర్లు ఆర్‌ఓ నీళ్ళు, 60 లీటర్లు స్నానాలకీ గిన్నెలకీ పోతే, 680 పీపీఎంతో నింపిన ట్యాంకు పావు వంతుకి దిగేసరికి 830 దగ్గరుంటుంది, ఎందుకంటే స్నానాల నీళ్ళతో ఉప్పు కూడా బయటికి పోతోంది. అదే ట్యాంకుని కేవలం ఆర్‌ఓకే వాడితే పావు వంతు దగ్గర 2700 అవుతుంది.

భయపడాల్సింది క్లోరిన్ విషయంలో. రిజెక్ట్ కార్బన్ దాటి వచ్చిన నీళ్ళు. అందులో క్లోరిన్ ఉండదు. దాన్ని ట్యాంకులో తిరగేస్తే, క్రిములని ఆపే కాస్త క్లోరిన్ కూడా రోజురోజుకీ కరిగిపోతుంది. ట్యాంకు రెండు మూడు రోజులకోసారి నింపుకునే చలికాలంలో ఇది నడుస్తుంది, వేసవిలో వద్దు. పంపేటప్పుడు గొట్టం ట్యాంకు పైభాగంలో, నీటి మట్టానికి పైన తెరుచుకోవాలి. ఈ బండిలో మధ్యే మార్గం ఎంచుకున్నారు: రిజెక్ట్ గొట్టానికి మూడు దారుల వాల్వు, ఒక దారి గ్రే ట్యాంకుకి, ఒకటి 20 లీటర్ల క్యానుకి. టాయిలెట్ ఫ్లష్‌కీ, కాళ్ళు కడుక్కోవడానికీ ఆ క్యాను నీళ్ళే. క్యాను నిండితే పొర్లుతుంది కాబట్టి ఎవరో ఒకరు చూసుకుంటున్నప్పుడే అటు తిప్పాలి.

బ్లీచ్ వేసే రోజు

మోటార్‌హోమ్ ట్యాంకుని ఆరు నెలలకోసారి, నిలిపి ఉంచాక మళ్ళీ బయల్దేరేముందు బ్లీచ్‌తో శుద్ధి చేయాలి. 284 లీటర్లకి వాసనలు కలపని 6 శాతం బ్లీచ్ 250 మి.లీ. వేస్తే 50 పీపీఎం పైన క్లోరిన్ వస్తుంది; నాలుగు గంటలు ఉంచి వదిలేయాలి. ఇంట్లో ఆర్‌ఓ వాడేవాళ్ళకి లేని ప్రమాదం ఇది. పాలీఅమైడ్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఈ మెంబ్రేన్ తట్టుకునే క్లోరిన్ మొత్తం 200 నుంచి 1000 పీపీఎం-గంటలు (పీపీఎంని గంటలతో గుణిస్తే వచ్చేది). కార్బన్ కొంత కాపాడుతుంది, పాతబడిన కార్బన్ కాపాడదు. 50 పీపీఎం నీళ్ళు నాలుగు గంటలు తగిలితే 200 అక్కడే అయిపోయింది.

కాబట్టి బ్లీచ్ సీసా మూత తీయకముందే ఆర్‌ఓకి వెళ్ళే వాల్వు మూయాలి. ఆ వాల్వు హ్యాండిల్‌కి ఎర్ర టేపు చుట్టి ఉంచారు. శుద్ధి అయ్యాక ట్యాంకు రెండుసార్లు నింపి వదిలి, స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ చూసే పరీక్ష పట్టీతో చూసి, క్లోరిన్ మామూలు కుళాయి నీళ్ళ స్థాయికి వచ్చాకే తెరవాలి.

కదిలే బండి కాబట్టి

రోడ్డు కుదుపులకి ముందుగా వదులయ్యేవి గొట్టాన్ని లోపలికి తోసి బిగించే పావు అంగుళం పుష్ ఫిట్టింగులు. గొట్టాన్ని కత్తెరతో ఏటవాలుగా కోయకుండా కట్టర్‌తో నిటారుగా కోయాలి, ప్రతి ఫిట్టింగుకీ లాక్ క్లిప్పు వేయాలి, ప్రెషర్ ట్యాంకుకి పట్టీ బిగించాలి. ప్రయాణంలో ఆర్‌ఓ వాల్వు మూసి, చేరాక తెరిచి, సింకు కింద పొడి కాగితం పరిచి గంట చూస్తే చెమ్మ దాగదు.

ఎత్తు సంగతి చాలామంది గమనించరు. డాలస్‌లో 7 పీఎస్‌ఐ పెట్టిన ఖాళీ ట్యాంకు, 2100 మీటర్ల ఎత్తున్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో 10 చూపిస్తుంది. బయట గాలి పల్చబడింది, అంతే. కొండ మీద వారం ఉండి దిగిపోయేవాళ్ళు దాన్ని ముట్టుకోనక్కర్లేదు. నెలల తరబడి ఉండేవాళ్ళు 7కి దించుకుని, దిగాక మళ్ళీ కొట్టుకోవాలి.

ఫిల్టర్లు ఇంట్లో లాగా ఏడాదికోసారి అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. ఒక్కో ఊరి కుళాయి ఒక్కో రకం బురద. మెంబ్రేన్ ముందున్న గేజిని అలాగే ఉంచేశారు. పంపు దగ్గరికీ అక్కడికీ తేడా 4 పీఎస్‌ఐ దాటితే సెడిమెంట్ మార్చాలి. ట్యాంకు నింపేటప్పుడే గొట్టానికి బయట ఒక ఫిల్టర్ పెట్టుకుంటే లోపలిది రెండింతలు మన్నుతుంది. కార్బన్‌కి గేజి చూపే లక్షణం లేదు కాబట్టి ఆరు నెలలు. మెంబ్రేన్‌కి తేదీ లేదు: ఇరవై నిమిషాలు నడిచాక కొలిచిన టీడీఎస్, ట్యాంకు నీళ్ళ టీడీఎస్‌లో పదో వంతు దాటితే, ఒత్తిడి సరిగ్గా ఉండి కూడా దాటితే, అప్పుడు మార్చాలి.

ఏప్రిల్‌లో బండి నిలిపేటప్పుడు

మెంబ్రేన్ తట్టుకునే గరిష్ఠ వేడి 45 డిగ్రీలు. మూసి ఉంచిన బండి లోపల టెక్సస్, అరిజోనా ఎండకి అది దాటుతుంది. డాలస్ చలి కూడా నమ్మదగినది కాదు, 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టింది. మెంబ్రేన్‌లో నీళ్ళు గడ్డకడితే పొరలు చీలతాయి. గడ్డకట్టకుండా పైపుల్లో పోసే గులాబీరంగు యాంటీఫ్రీజ్‌ని ఆర్‌ఓ గుండా పంపకూడదు.

చేయాల్సింది: ఆర్‌ఓ వాల్వు మూసి, కుళాయి తెరిచి ప్రెషర్ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. మెంబ్రేన్‌ని బయటికి లాగి, ఎటువైపు లోపలికి ఉండేదో మార్కర్‌తో గీయాలి. లీటరు ఆర్‌ఓ నీళ్ళలో 10 గ్రాముల ఫుడ్ గ్రేడ్ సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి, జిప్ సంచిలో మెంబ్రేన్ మునిగేలా పోసి, గాలి పిండి మూసి, ఇంటి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. ఒకసారి తడిసిన మెంబ్రేన్ ఎండిపోతే మళ్ళీ పనికిరాదు. పాత ఫిల్టర్లు పారేసి, హౌసింగులు కడిగి, మూతలు వదులుగా ఉంచి ఆరనివ్వాలి.

సెప్టెంబర్‌లో ముందు ట్యాంకుకి బ్లీచ్ శుద్ధి, తర్వాత కొత్త ఫిల్టర్లు. కార్బన్ నల్లనీళ్ళు పది లీటర్లు పోయాకే మెంబ్రేన్. ఓ-రింగులకి ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు రాయాలి. వాసెలిన్ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది. మొదటి రెండు నిండు ప్రెషర్ ట్యాంకుల నీళ్ళు పారబోసి, మూడోదాని టీడీఎస్, నీళ్ళ వేడి, గేజి అంకె సింకు తలుపు లోపలివైపు అంటించిన కాగితం మీద తేదీతో రాయాలి.